ఆపరేషన్ సరే, మూలకణాల బిల్లు వద్దు

అనంతపురం

అబ్బీ మహేశా,

కబడ్డీలో మోకాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కట్టిపట్టే లిగమెంటు, అంటే గట్టి నరంలాంటి పట్టీ) తెగిందని, ఆపరేషన్‌తో పాటు స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) ఎక్కిస్తే తొందరగా అతుక్కుంటుందని ఎవరో చెప్పారని మీ అమ్మ ఫోన్ చేసింది. బుడ్డలు అమ్మిన డబ్బు దానికి తీస్తానంటోంది. తియ్యనీయొద్దు.

ఆపరేషన్ చేయించుకో. మళ్లీ కూతకు పోవాలంటే అది కావాల్సిందే. మామూలుగా తొడ వెనక టెండన్ (కండను ఎముకకు కట్టే తాడులాంటిది) తీసి, మడతపెట్టి, పైఎముకకీ కిందెముకకీ సొరంగాలు తొలిచి బిగిస్తారు. ఆ కొత్త ముక్కకు మొదట్లో రక్తం అందదు. లోపలి కణాలు చచ్చి, కొత్త రక్తనాళాలు పుట్టి, నెలల తరబడి మెల్లగా లిగమెంటులా మారుతుంది. ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా మహా బలహీనంగా ఉంటుంది. నొప్పి తగ్గి, కాలు బాగైపోయిందనిపించేదీ అప్పుడే. మన పిల్లోళ్లు 'ఒక్క కూతే' అని దిగి మళ్లీ తెంచుకునేదీ అప్పుడే.

ఈ మార్పును మూలకణాలు తొందరచేస్తాయని పరిశోధకుల ఆశ. కుందేళ్ల మీద బాగానే పనిచేసింది, మనుషుల్లో ఇంకా తేలలేదు. నడుము ఎముక మజ్జ తీసి చిక్కబరిచి ఎక్కిస్తారు గానీ, మజ్జలో పదివేల కణాలకు ఒక్క మూలకణం దొరికితే గొప్ప. పీఆర్పీ అని నీ రక్తమే తీసి చిక్కబరిచి ఎక్కించేది ఇంకొకటుంది, దాంట్లో అదీ లేదు, ఉండేది నీ ప్లేట్‌లెట్లే.

ఐసీఎమ్మార్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తపు జబ్బులకు చేసే మజ్జ మార్పిడి లాంటివి తప్ప మూలకణాల వైద్యమంతా ప్రయోగమే. ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి సీటీఆర్ఐ నంబరు, అంటే ఆ ప్రయోగాన్ని ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేసిన నంబరు, అడుగు. చూపిస్తే, మరి బిల్లెందుకని అడుగు. చూపకపోతే లేచి వచ్చేయ్.

ఆ డబ్బు ఫిజియోకి పెట్టు. ఉరవకొండ నుంచి రోజూ బస్సెక్కి రాలేవు గనక ఇక్కడే మా ఇంట్లో ఉండు, మీ పిన్నమ్మ కూడా అదే అంటోంది. ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టాల. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, మోకాలు కిందికి నొక్కి, తొడ కండ బిగబట్టి ఐదు లెక్కపెట్టు. కాలు పూర్తిగా చాచుకోవడం వచ్చాకే ఆపరేషన్ తేదీ పెట్టించుకో. మధ్యలో ఇరుక్కుని కదలకుంటే మాత్రం ఆగొద్దు, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థి) అడ్డుపడి ఉంటుంది, వెంటనే డాక్టరుకు చూపించు. టైలరు టేపుతో చిప్పకు బెత్తెడు పైన రెండు తొడలూ కొలిచి రాసిపెట్టుకో. తొమ్మిది నెలలు నిండి, ఆ కాలి బలం రెండో కాలిలో తొంభై శాతానికి వచ్చేదాకా కోర్టులో కాలు పెట్టొద్దు.

ఆదివారం వచ్చేటప్పుడు ఎమ్మారై సీడీ తీసుకురా, ఉత్త రిపోర్టు కాగితం చాలదు.

మీ చిన్నాయన