సబ్జెక్టు రానివాళ్లు పరిశోధన పత్రాలు సరిదిద్దవచ్చా? నా అనుభవం

మీరు అడిగింది ఇది: భాష బాగా వచ్చు, పరిశోధన పత్రాలు సరిదిద్దే పని దొరికింది, కానీ ఒక వారం స్త్రీల శ్రమ చరిత్ర వస్తే మరో వారం పంటి ఇంప్లాంట్ల (ఊడిన పంటి స్థానంలో దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేర్ల) లోహాలు వస్తాయి, రెండూ చదవలేదు, ఒప్పుకోవచ్చా అని.

ఒప్పుకోండి. నేను చదువుకున్నది సాహిత్యం, పదకొండేళ్లుగా చేస్తున్నది ఇదే పని. మొదట్లో నాకూ చాలా టెన్షన్‌గా ఉండేది, పెద్ద పెద్ద పదాలు చూసి. తర్వాత తెలిసింది ఏమిటంటే, పెద్ద పదాల దగ్గర మనం ఎలాగూ జాగ్రత్తగానే ఉంటాం, తెలియకపోతే వెతుక్కుంటాం, రచయితను అడుగుతాం. నన్ను దెబ్బతీసినవన్నీ అందరికీ తెలిసిన తేలిక మాటలే.

రెండో ఏడాదిలో ఇంప్లాంట్ల మీద ఒక పేపరు వచ్చింది. ఒకే పేరాలో 'సర్వైవల్ రేటు' అని ఆరుసార్లు ఉంది. ఒకే మాట పదే పదే వస్తే బాగుండదని చిన్నప్పటి నుంచి విన్నదే కదా, మూడు చోట్ల 'సక్సెస్ రేటు' అని మార్చేశాను. రచయిత్రి దంత వైద్యురాలు, ఆ రాత్రే ఫోన్ చేశారు. కోప్పడలేదు గానీ ఆవిడ గొంతులో కంగారు నాకు ఇప్పటికీ గుర్తే. "ఇది ఇలాగే అచ్చయితే నేను అబద్ధం రాసినట్టయ్యేదండీ" అన్నారు.

సర్వైవల్ అంటే, పరీక్ష చేసిన రోజుకి ఇంప్లాంట్ నోట్లో ఉంది, అంతే. చుట్టూ ఎముక కరుగుతున్నా, చిగుళ్లు వాచి చీము వస్తున్నా, ఊడిపోలేదు కాబట్టి లెక్కలో అది నిలిచినట్టే. సక్సెస్ అనాలంటే షరతులు చాలా ఉన్నాయి. 1986లో స్వీడన్ పరిశోధకుడు ఆల్బ్రెక్ట్‌సన్, ఆయన సహచరులు ప్రతిపాదించినవి ఇప్పటికీ చాలామంది వాడతారు: ఇంప్లాంట్ కదలకూడదు, నొప్పి, ఇన్‌ఫెక్షన్ లాంటివి ఉండకూడదు, ఎక్స్‌రేలో దాని చుట్టూ నల్లటి గీత కనిపించకూడదు, మొదటి ఏడాది గడిచాక ఎముక ఏడాదికి 0.2 మిల్లీమీటర్ల కన్నా తక్కువే తరగాలి. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో ఆలోచించండి. నేను దాన్ని చెవికి ఇంపుగా ఉంటుందని చెరిపేశాను.

ఆవిడే ఇంకోటి నేర్పారు. ఏ శాతం కనిపించినా అది ఇంప్లాంట్ల శాతమా, మనుషుల శాతమా అని చూడమన్నారు. 40 మందికి 100 ఇంప్లాంట్లు పెట్టారనుకోండి, 6 పోయాయి. ఇంప్లాంట్ల లెక్కలో 94 శాతం నిలిచాయి. ఆ 6 ఆరుగురివైతే మాత్రం మనుషుల లెక్కలో 15 శాతం మందికి నష్టం జరిగింది. రెండు లెక్కలూ నిజమే. 'ఇంప్లాంట్లలో' అన్న చోట పొరపాటున 'రోగులలో' అని రాశామా, అంకె అదే ఉంటుంది, అర్థం మారిపోతుంది. మళ్లీ పరీక్షకు రాకుండా పోయినవాళ్లను ఎక్కడ కలిపారన్నది ఇంకో ప్రశ్న. అది చాలా పేపర్లలో పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పదార్థాల పేర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇవి ఒకసారి తెలిస్తే సరిపోతాయి. జిర్కోనియం లోహం, జిర్కోనియా దాని ఆక్సైడు, అంటే తెల్లటి సెరామిక్. 'టైటానియం-జిర్కోనియం' అని ఉంటే అది మిశ్రలోహం, అక్కడ జిర్కోనియా అని 'సరిచేస్తే' వస్తువే మారిపోతుంది. జిర్కోనియా పేపర్లలో 'ఏజింగ్' అంటే రోగి వయసు కాదు, తేమలో ఏళ్ల తరబడి ఉన్న ఆ సెరామిక్ స్ఫటిక రూపం మెల్లగా మారడం, దాంతో పైపొరలో సన్నటి పగుళ్లు రావడం. ఉపరితలం గరుకుదనానికి ఒక చోట 'ఆర్ఏ', మరో చోట 'ఎస్ఏ' అని ఉంటే టైపింగ్ తప్పు అనుకుని ఒకేలా చేయకండి, మొదటిది ఒక గీత వెంట కొలిచింది, రెండోది ఒక విస్తీర్ణం మీద కొలిచింది.

ఇక చరిత్ర. అక్కడైతే కథే కదా, మన సొంత ఇల్లే కదా అనుకున్నాను, అందుకే ఎక్కువ అజాగ్రత్తగా ఉన్నాను. పాత జనాభా లెక్కల మీద ఒక పేపర్లో 'పనిలేనివారుగా నమోదైన స్త్రీలు' అన్న అర్థంలో ఒక పొడుగాటి వాక్యం ఉంది. అడ్డంగా ఉందని కోసి 'పనిలేని స్త్రీలు' అన్న అర్థం వచ్చేలా చేశాను. ఆ పేపరు మొత్తం చెప్పేదే ఆ 'నమోదైన' అన్న మాట గురించి! ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో 1881 నుంచి ఇంటిపని చేసుకునే భార్యలను వృత్తి లేనివాళ్ల వర్గంలోకి మార్చారు. ముందు రోజు చేసిన పనే మర్నాడూ చేశారు ఆ స్త్రీలు, మారింది గడి ఒక్కటే. అమెరికాలో క్లాడియా గోల్డిన్‌కి 2023లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చిందే, ఆవిడ చేసిన పనిలో ఒక ముఖ్యమైన భాగం ఇదే. పాత రికార్డుల్లో వృత్తి అన్న చోట 'భార్య' అని ఉంటే, ఆమె పొలంలో, ఇంటి వ్యాపారంలో ఎంత పని చేసిందో వేరే ఆధారాలతో వెతికి తీసి, లెక్కలు సరిచేశారు. సరిచేస్తే పాత కాలపు స్త్రీలు రికార్డుల్లో కనిపించిన దానికన్నా చాలా ఎక్కువగా పనిలో ఉన్నారని తేలింది. అంత శ్రమతో తిరిగి తెచ్చిన దాన్ని నేను ఒక్క మాట కోసి పోగొట్టబోయాను. రచయిత చూసుకున్నారు కాబట్టి సరిపోయింది.

అప్పుడు అర్థమైంది, నేను రెండు చోట్లా చేసింది ఒకే తప్పు. ఎవరిని లెక్కపెట్టారు, దేన్ని లెక్కపెట్టారు, ఎవరు బయట ఉండిపోయారు అన్నది చెప్పే చిన్న మాటను అలంకారం అనుకున్నాను. అందుకే ఇప్పుడు ఏ సబ్జెక్టు పేపరు వచ్చినా మొదట పద్ధతి భాగం చదువుతాను, లెక్కలోకి రావడానికి ఏం కావాలో ఒక కాగితం మీద నా మాటల్లో రాసుకుంటాను, ఆ తర్వాతే మొదటి వాక్యం ముట్టుకుంటాను.

మీరు చెప్పిన రెండు సబ్జెక్టులూ ఒక చోట నిజంగానే కలుస్తాయి, దవడ ఎముక దగ్గర. 1888లో లండన్‌లో బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో స్త్రీలు, చిన్న వయసు అమ్మాయిలు సమ్మె చేశారు. ఆ కాలంలో అగ్గిపుల్లలకు వాడిన తెల్ల భాస్వరం ఆవిరి పంటి పుచ్చుల గుండా దవడలోకి చేరి ఎముకను చంపేసేది, దాన్నే 'ఫాసీ జా' అన్నారు. అంతమందికి ఆ జబ్బు వస్తుంటే అధికారిక లెక్క చిన్నదిగా ఎందుకు ఉంది? కేసులు తెలపకుండా దాచిపెట్టడం ఒక కారణం, 1898లో ఆ విషయం బయటపడి కంపెనీకి జరిమానా కూడా పడింది. జబ్బు సంగతి అటుంచితే, ఇళ్లలో కూర్చుని పెట్టెలు అంటించిన స్త్రీలు ఫ్యాక్టరీ జాబితాలో అసలు కనిపించరు. ఆ సమ్మెను అనీబిసెంట్ నడిపారని చాలాకాలం రాశారు, ముందుకు నడిచింది ఆ కార్మిక స్త్రీలేనని లూయిస్ రా లాంటి చరిత్రకారులు తర్వాత వాదించారు. పేర్లు ఎవరివి మిగిలాయి అన్నది కూడా లెక్కే.

తర్వాత 2003లో, ఎముకలు గుల్లబారకుండా, ఎముకలకు పాకిన క్యాన్సర్ వాటిని దెబ్బతీయకుండా వాడే బిస్‌ఫాస్ఫోనేట్ మందులు తీసుకునేవాళ్లలో కొందరికి దవడ ఎముక చచ్చిపోతోందని మార్క్స్ అనే సర్జన్ రాశారు. అది చూసి వైద్యులు వెనక్కి వెళ్లి తలుచుకున్నది అగ్గిపెట్టెల కార్మికులనే. ఎముకలు గుల్లబారడం రుతుక్రమం ఆగిన స్త్రీలలో ఎక్కువ, కాబట్టి దానికోసం ఈ మందులు వాడేవాళ్లలోనూ వాళ్లే ఎక్కువ. ఇంప్లాంట్ అధ్యయనాల్లో చాలావాటిలో ఇలాంటి మందులు వాడేవాళ్లను మొదట్లోనే పక్కన పెడతారు. వైద్యపరంగా కారణం ఉంది, తప్పు అనను. కానీ ఆ పేపరు ముగింపులో 'ఈ పదార్థం అందరికీ సురక్షితం' అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే నేను పక్కన ఒక ప్రశ్న రాస్తాను: పక్కన పెట్టినవాళ్లు కూడా ఈ 'అందరిలో' ఉన్నారా? సబ్జెక్టు తెలియకపోయినా అడగగల ప్రశ్న ఇది. చాలాసార్లు రచయితలు ఆ వాక్యం మార్చారు.

పనిలో దిగాక ఒకటి పాటించండి. పదం మార్చాలనిపిస్తే నేరుగా మార్చకుండా, 'ఈ రెండు మాటలూ మీ దగ్గర ఒకటేనా?' అని మార్జిన్‌లో అడగండి. అలా అడిగితే చులకనగా చూస్తారేమో అని నేను మొదట్లో జంకేవాణ్ణి, ఇన్నేళ్లలో ఒక్కరూ అలా చూడలేదు. పాత కార్మికుల వాంగ్మూలాలు ఉల్లేఖనల్లో ఉంటే వ్యాకరణం తప్పుగా ఉన్నా వాటి జోలికి అసలు వెళ్లకండి, అది వాళ్ల గొంతు. మొదటి పేపరు ఇంప్లాంట్లదే వస్తే మాత్రం, సారాంశం కన్నా ముందు పట్టికల కిందున్న చిన్న అక్షరాలు చదవండి.