పాత ఎంజీబీకి ఏ టైర్లు వేయించాలి, గాలి ఎంత పెట్టాలి?

బర్మింగ్‌హామ్‌లో ఉంటూ 1974 ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తీసేసుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నానని, స్పోకుల చక్రాలకి 165 సైజు టైర్లు ఉన్నాయని, ఏ బ్రాండు మంచిది, గాలి నాలుగింటికీ 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెడితే సరిపోతుందా అని మీరు అడిగారు. బ్రాండు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక టార్చి తీసుకుని కారు కిందకి వంగి, ఇప్పుడున్న టైర్లు ఎప్పుడు పుట్టాయో చదవండి. టైరు పక్కగోడ మీద ‘డాట్’ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు. 3612 అని ఉంటే 2012లో 36వ వారంలో తయారైందన్నమాట. చాలా టైర్లకి ఆ అంకెలు ఒకవైపే ఉంటాయి, అది లోపలి వైపైతే బయటికి కనపడవు. అందుకే ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

నాది 1972 మోడల్. 2016లో కొన్నాను. మా నాన్నగారు తణుకులో అంబాసిడర్ ట్యాక్సీ నడిపేవారు. దాంట్లో ఉన్న 1489 సీసీ పెట్రోల్ ఇంజను, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజను ఒకే కుటుంబం, రెండూ బ్రిటన్‌లో పుట్టిన బి-సిరీస్. అమ్మేవాడు స్టార్ట్ చేయగానే ఆ చప్పుడు వినపడింది, ఇక నాకు వేరే ఆలోచన రాలేదు. టైర్లు చూశాను, చూడలేదని కాదు. టైరు మీది గాళ్లు (చాళ్లు) లోతుగా ఉన్నాయి, టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. నెల క్రితమే ఎంఓటీ (బ్రిటన్‌లో ఏటా చేయించే కారు ఫిట్‌నెస్ పరీక్ష) పాసైన కాగితం కూడా చేతిలో పెట్టాడు.

అక్టోబరు నెల, ఆదివారం. ఇంగ్లండ్‌లోని గ్లాసప్ ఊరి నుంచి కొండల మీదుగా పోయే ఏ57 రోడ్డుని స్నేక్ పాస్ అంటారు. పైనుంచి లేడీబవర్ రిజర్వాయరు వైపు దిగుతున్నాం, సన్నగా తుంపర పడుతోంది. పక్క సీట్లో మా ఆవిడ. వేగం 40 మైళ్లు కూడా లేదు. ఎడమ మలుపు వచ్చింది. స్టీరింగ్ తిప్పాను, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను, బ్రేకు ముట్టుకోలేదు. వెనక భాగం సబ్బు నీళ్ల మీద కాలు వేసినట్టు జర్రున జారిపోయింది. స్టీరింగ్ ఎటు తిప్పినా చేతికి ఏమీ తగలడం లేదు, ఖాళీగా తిరుగుతోంది. కళ్లు తెరిచి మూసేలోగా వచ్చిన దారికే ముఖం పెట్టి, రోడ్డుకి ఆవలి అంచున ఆగాం. మా ఆవిడ కూర్చున్న తలుపుకీ రాతి గోడకీ మధ్య మూరెడు జాగా. వెనక చక్రం బురదలో దిగబడింది. వైపర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆమె రెండు చేతులతో డ్యాష్‌బోర్డు మీది పట్టీని పట్టుకుని ఉంది, వేళ్లు తెల్లబడిపోయాయి. ఆ సమయంలో ఎదురుగా లారీ ఒక్కటి వచ్చి ఉంటే మేమిద్దరం లేము.

గంట తర్వాత కారుని లాగడానికి ఒక పెద్దాయన వచ్చాడు. చక్రం బయటికి తీశాక బొటనవేలి గోరుని టైరు మీద గట్టిగా నొక్కి, నన్నూ నొక్కమన్నాడు. గోరు దిగలేదు, పలక మీద నొక్కినట్టుంది. మంచి రబ్బరైతే గోటి గుర్తు పడి మెల్లగా పోతుంది. గాళ్ల అడుగున టార్చి వేసి చూపించాడు, వెంట్రుకల్లాంటి పగుళ్లు. తర్వాత నా చేతే అంకెలు చదివించాడు. నాలుగు లేవు, మూడే ఉన్నాయి: 397, పక్కన చిన్న త్రికోణం. 2000 సంవత్సరానికి ముందు మూడు అంకెలే వేసేవారు, ఆ త్రికోణం ఉంటే తొంభైల దశకం. అంటే 1997 సెప్టెంబరు. పందొమ్మిదేళ్ల టైర్ల మీద మా ఆవిడని కొండ ఎక్కించాను.

ఎంఓటీలో కొలిచేది గాళ్ల లోతు. అది 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, నావి 7 ఉన్నాయి. కోతలు, ఉబ్బులు చూస్తారు, వయసు మాత్రం లెక్కలోకి రాదు. 2018 మే నుంచి నలభై ఏళ్లు దాటిన కార్లలో చాలావాటికి ఆ పరీక్ష కూడా అక్కర్లేదు. 2021 ఫిబ్రవరి నుంచి బ్రిటన్‌లో లారీలకీ బస్సులకీ ముందు చక్రాల మీద పదేళ్లు దాటిన టైరు ఉండకూడదని చట్టం తెచ్చారు, కార్లని వదిలేశారు. ఏడాదికి వెయ్యి మైళ్లు తిరిగే మన పాత కార్లకే ఆ చట్టం ముందు కావాలి. ఎందుకంటే మన టైర్లు అరగవు, షెడ్డులో కూర్చుని గట్టిపడతాయి. చూపుకి కొత్తవే. మెరుగు నూనె రాసి నల్లగా మెరిపించిన టైరు కనపడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా లెక్క పదేళ్లు. అది దాటిందా, గాళ్లు ఎంతున్నా తీసేయాల్సిందే.

ఇక ఏవి కొనాలి. మీ సైజు 165ఆర్14 (165 మిల్లీమీటర్ల వెడల్పు, 14 అంగుళాల రిమ్ము) ఉన్నదే ఉంచండి. పాత సైజు కాబట్టి టైరు పక్కగోడ ఎత్తు వెడల్పులో సుమారు 80 శాతం. మామూలు షాపుకి వెళ్తే రెండు తప్పులు చేయిస్తారు. ఒకటి, అదే సైజులో చివర ‘సి’ అక్షరం ఉన్న టైరు తెచ్చి సరిపోతుంది కదా అంటారు. అది వ్యాన్ టైరు, టన్నుల బరువు మోయడానికి చేసింది. మన కారు బరువే టన్ను లోపు, దాని కింద ఆ టైరు వంగనే వంగదు. రెండోది, 175/70 (వెడల్పు 175, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం) వేస్తామంటారు. అది దాదాపు 2 సెంటీమీటర్లు పొట్టి, స్పీడోమీటర్ మూడు శాతం ఎక్కువ చూపిస్తుంది. 185/70 ఎత్తులో దగ్గరగానే ఉంటుంది గానీ స్పోకుల చక్రాల మీద కొన్ని కార్లలో వెనక మడ్‌గార్డుకి రాసుకుంటుంది, పార్కింగ్‌లో స్టీరింగ్ బరువెక్కుతుంది. పవర్ స్టీరింగ్ లేని కారుకి అందం కోసం వెడల్పు టైర్లు వేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది, ఆ కారు చేతుల్లో తేలిగ్గా తిరగడమే కదా దాని అందం.

నేను పిరెల్లీ సింటురాటో వేయించాను. మామూలు టైరుకి రెండింతల పైనే ఖరీదు. అంత వద్దనుకుంటే వ్రెడెస్టైన్ స్ప్రింట్ క్లాసిక్ చూడండి. డచ్ కంపెనీయే కానీ 2009 నుంచి మన అపోలో వాళ్లది, తిరుపతి జిల్లా చిన్నపాండూరులో ఫ్యాక్టరీ ఉన్న అపోలోనే. ఏది కొన్నా స్పోకుల చక్రాలకి లోపల ట్యూబు వేయించండి, రిమ్ముకి పట్టీ కూడా వేయించండి. టైరు లోపల అంటించిన స్టిక్కర్లు ఉంటే పీకేయమని దగ్గరుండి చెప్పండి. ఆ కాగితం అంచే రాసుకుని రాసుకుని నా ట్యూబుకి సూది మొనంత చిల్లు పెట్టింది.

గాలి దగ్గరికొద్దాం. కొత్త టైర్లు వేసిన కుర్రాడు నాలుగింటికీ 36 పీఎస్ఐ కొట్టి పంపించాడు. ఈనాటి చిన్న కార్లకి అది అలవాటు. ఇంటికొచ్చేదాకా ప్రతి మ్యాన్‌హోల్ మూతా నా వెన్నులో లెక్కపెట్టుకున్నాను, అద్దం ఫ్రేము గజగజలాడింది. ఎంజీబీ హ్యాండ్‌బుక్‌లో రోడ్‌స్టర్‌కి రేడియల్ టైర్ల లెక్క ముందు 21, వెనక 24. మీరు అడిగిన 30 ఎక్కువే, అన్నిటికన్నా తప్పు నాలుగింటికీ ఒకటే పెట్టడం. వెనక రెండు మూడు ఎక్కువుంటే మలుపులో వెనక భాగం కుదురుగా ఉంటుంది. ముందు ఎక్కువ, వెనక తక్కువ పెట్టారా, స్నేక్ పాస్‌లో మాకు జరిగింది మీకూ జరగొచ్చు.

నేను 21, 24తో మొదలుపెట్టి రెండు నెలలు తిప్పి తిప్పి చూసి, ముందు 24, వెనక 26 దగ్గర ఆగాను. ఇలా చూడండి. పొద్దున్న కారు కదలకముందు కొలవండి, అరగంట నడిపి మళ్లీ కొలవండి. మూడు నాలుగు పెరిగితే సరిగ్గా ఉన్నట్టు. ఆరేడు పెరిగితే టైరు ఎక్కువ వంగి వేడెక్కుతోంది, చల్లగా ఉన్నప్పుడు పెట్టిన గాలి తక్కువన్నమాట. అస్సలు పెరగలేదంటే గాలి ఎక్కువైంది. సొంత గేజి, కాలితో తొక్కే పంపు కొనుక్కోండి. పెట్రోల్ బంకులో డబ్బులు తీసుకునే గాలి మెషిన్లని నేను నమ్మను. అక్కడికి వెళ్లేసరికే టైరు వేడెక్కి ఉంటుంది, ఇక ఆ కొలతకి అర్థం ఏముంది? ఇక్కడి చలిలో పది డిగ్రీలు పడిపోతే ఒకటి పైనే తగ్గుతుంది, కాబట్టి అక్టోబరులో ఒకసారి తప్పకుండా చూసుకోవాలి. నాన్నగారు గేజి లేకుండానే ప్రతి పొద్దున్నా నాలుగు టైర్లనీ అరచేత్తో చరిచి, చప్పుడు విని చెప్పేసేవారు. నాకు ఆ చెవి రాలేదు, గేజి పెడతాను.

ఇంకోటి, డిక్కీలో పడుకున్న స్టెప్నీ తీసి దాని అంకెలు కూడా చదవండి. నా స్టెప్నీ మిగతా నాలుగింటి కన్నా ముసలిది, 1988ది.