ఆ ‘ఫాస్ట్’ వేగం కాదు తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ రాత్రే చదివాను. తల్లి హాస్టల్ గేటు దగ్గర నిలబడి, టిఫిన్ డబ్బా లోపలికి పంపమని వాచ్‌మన్‌ని బతిమాలే చోటు చాలా బాగుంది, అక్కడ ఒక్క మాట కూడా ముట్టుకోకు. కానీ వెంటనే వార్డెన్ వచ్చి “ఇక్కడ కఠినమైన, వేగవంతమైన నియమాలున్నాయి” అనేసరికి ఆగిపోయాను. నియమానికి వేగమేమిటి? ‘హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్స్’ని మాటకు మాట దించేశావు.

ఆ ఫాస్ట్‌కి వేగంతో పనే లేదు. పట్టు వదలకుండా, కదలకుండా ఉండటం అని అర్థం. మా అమ్మ జాకెట్టు గుడ్డ కొనేముందు కర్చీఫ్ తడిపి దానిమీద గట్టిగా రుద్ది, రంగు అంటిందేమో వెలుతురులో చూసుకుని, “ఫాస్ట్ కలరేనా బాబూ, ఉతికితే దిగదు కదా?” అని అడిగేది. ఆ ఫాస్టే ఇది. ఇసుకమేటకెక్కి కదలకుండా ఇరుక్కున్న ఓడని ఇంగ్లీషు నావికులు ‘హార్డ్ అండ్ ఫాస్ట్’ అనేవాళ్లు, 1867లో అచ్చయిన వాళ్ల పదకోశంలోనూ ఈ అర్థం ఉంది. రూలు కూడా అంతే, ఎవరొచ్చి అడిగినా అటూ ఇటూ జరగదు.

పైగా ఇంగ్లీషులో ఈ మాట ఎక్కువగా ‘లేదు’తో కలిసే వస్తుంది, ‘దేర్ ఈజ్ నో హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్’ అని. దానికి మనం రోజూ అనే “ఇలాగే చేయాలని రూలేం లేదు” చక్కగా సరిపోతుంది. నీ వార్డెన్ చెప్పాల్సింది దానికి ఎదురు కాబట్టి, “రూలంటే రూలేనమ్మా, మీ ఒక్కరికి సడలిస్తే రేపు అందరూ డబ్బాలు పట్టుకొస్తారు” అనిపించు. ఆవిడ నోట్లోంచి అదే వస్తుంది.

నాలుగో పేజీలో తండ్రి డాక్టరు చెప్పింది ‘హార్డ్ అండ్ ఫాస్ట్‌గా’ పాటించాడని రాశావు. అది రూలుకి చెప్పే మాట, పాటించే తీరుకి కాదు. అక్కడికి మనకి ‘తు.చ. తప్పకుండా’ ఉంది కదా! సంస్కృతంలో తు, చ ఎంత చిన్న మాటలు, అవి కూడా వదలకుండా అని. ఎంత ముచ్చటైన పలుకుబడో చూడు, అలాంటిది చేతిలో పెట్టుకుని వేరేచోట వెతకడమెందుకు?

ఎప్పుడైనా ఇంగ్లీషులోనే రాయాల్సి వస్తే, రూల్ అనే మాటకి ముందు వచ్చినప్పుడు ఆ మూడు మాటల మధ్యా హైఫన్లు పెట్టు.

ఈ రెండు చోట్లా దిద్ది పంపు. అన్నట్టు, ఆ డబ్బా చివరికి పిల్లాడికి అందిందా లేదా? రాత్రంతా అదే ఆలోచించాను.

మీ అన్నయ్య