రిపోర్టులో 'ఆయాసం తగ్గింది' అని చూసి అప్పుడే సంబరపడకండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పన్నెండేళ్ళుగా అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉంటున్నాం. నాకు 41, నా భార్యకు 39. పిల్లలు లేరు. కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా ప్రత్యేక అవసరాలున్న బిడ్డను దత్తత తీసుకోవాలని నమోదు చేసుకున్నాం. మహారాష్ట్రలోని ఒక దత్తత కేంద్రంలో ఉన్న పాప వివరాలు వచ్చాయి. వయసు 2 ఏళ్ళ 10 నెలలు, బరువు 10.2 కిలోలు. గుండెలో వీఎస్‌డీ (కింది గదుల మధ్య గోడకు రంధ్రం) 9 మిల్లీమీటర్లు, ఎదుగుదల కొంచెం ఆలస్యం అని రాశారు. ఆర్నెల్లుగా ఆయాసం లేదట, జలుబు దగ్గులు బాగా తగ్గాయట, గుండెలో చప్పుడు కూడా తగ్గిందట. రంధ్రం పూడుతున్నట్టేనా? కాగితాల పనికి 8 నుంచి 10 నెలలు పట్టవచ్చంటున్నారు, ఇక్కడికి తెచ్చుకున్నాక ఆపరేషన్ చేయిస్తే సరిపోతుందా? ఈలోగా బరువు పెరగడానికి ఏ టానిక్ పంపాలి? ఫార్మసిస్టుగా పనిచేసే మా బంధువు, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి తగ్గించే మందు సిల్డెనాఫిల్ మంచిదన్నారు. ఆపరేషన్ మచ్చ వల్ల రేపు పెళ్ళికి ఇబ్బంది అవుతుందని మా అమ్మగారి బెంగ. ఫోటో, రిపోర్టు జతచేశాను.
- ఒక పాఠకుడు, డల్లాస్

సలహా: జబ్బు ఉందని తెలిసి కూడా ఆ పాప దగ్గర ఆగారు. చాలామంది ఆగరు. అందుకు మీ దంపతులకు నమస్కారం. ఇక పని మాట. ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి మీరు అడిగిన వరుసలో కాకుండా, నాకు టెన్షన్ పెట్టిన వరుసలో చెబుతాను.

మీరు సంతోషంగా రాసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఆయాసం లేదు, దగ్గు లేదు, చప్పుడు తగ్గింది. తర్వాత ఈకో (గుండె స్కానింగు) తేదీ చూశాను. పాపకు 11 నెలలప్పుడు తీసింది. దాదాపు రెండేళ్ళ కిందటి మాట. అప్పుడే 'ఊపిరితిత్తుల్లో ఒత్తిడి మధ్యస్థంగా పెరిగింది' అని రాసి ఉంది. ఆ తర్వాత ఇంకో ఈకో కనపడలేదు. మీరు జతచేయడం మరిచిపోయి ఉంటే మంచిదే. అసలు తీయకపోతే మాత్రం మంచిది కాదు.

గుండె కింది గదుల మధ్య గోడకు పెద్ద రంధ్రం ఉంటే ఎడమ గదిలోని రక్తం కుడివైపుకు తోసుకొచ్చి, ఊపిరితిత్తుల మీద మోతాదుకు మించి పడుతుంది. చంటిపిల్లలు పాలు తాగుతూ చెమటలు కక్కేదీ, ఆయాసపడేదీ, మాటిమాటికీ న్యుమోనియాతో ఆసుపత్రికి వచ్చేదీ అందుకే. ఇలా నెలలూ ఏళ్ళూ గడిస్తే ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల గోడలు మందమై గట్టిపడతాయి. ఇక అటువైపు రక్తం మునుపటిలా పోలేదు. అప్పుడు ఆయాసం తగ్గుతుంది, దగ్గు తగ్గుతుంది, పిల్ల కాస్త ఒళ్ళు చేస్తుంది, స్టెతస్కోపుకు చప్పుడు కూడా తక్కువగా వినపడుతుంది. ఇంట్లో అందరూ గండం గడిచిందనుకుంటారు. మీది గుంటూరు జిల్లా కాబట్టి కాలువ సంగతి చెబితే తెలుస్తుంది. గండి పూడ్చకుండానే పొలంలోకి నీళ్ళు రావడం ఆగిందంటే గండి పూడిందని కాదు, అవతల పొలం మెరకైందని.

రంధ్రం నిజంగానే చిన్నదై ఉండే అవకాశం కూడా ఉంది, అది కాదనను. ఈ పాపకున్న చోట ఉండే రంధ్రాలు పక్కనున్న కవాటపు పొర అతుక్కుని కొంత మూసుకుపోవడం మామూలే. అయితే చిన్న రంధ్రం చేసే చప్పుడు పెద్దగా ఉంటుంది. మీ రిపోర్టులో చప్పుడు తగ్గిందని ఉంది. దీన్ని బట్టి ఏమీ తేల్చి చెప్పలేను, చెప్పకూడదు కూడా. రెండు దారుల్లోనూ పిల్ల పైకి బాగానే కనిపిస్తుంది. ఏ దారిలో ఉందో చెప్పేది కొత్త ఈకో మాత్రమే.

మీరు పంపిన ఫోటోలో పాప రెండు చేతులతో బిస్కెట్ పట్టుకుని ఉంది. ముఖం కన్నా గోళ్ళనే ఎక్కువసేపు చూశాను, పెద్దది చేసి మరీ. ఒంటికి ఆక్సిజన్ చాలకపోతే కనిపించే గుర్తులు లేవు: వేలి చివర్లు ఉబ్బినట్టు లేవు, గోళ్ళు గులాబీ రంగులోనే ఉన్నాయి అనిపించింది. అది నాకు కొంచెం ధైర్యం. కానీ ట్యూబ్‌లైటు కింద ఫోన్‌తో తీసిన ఫోటోను నమ్మి వైద్యం చేయలేం. కేంద్రంలో పల్స్ ఆక్సిమీటర్ ఉండే ఉంటుంది. పాప కుదురుగా ఉన్నప్పుడు ఒకసారి, కాసేపు పరుగెత్తి ఆడాక ఒకసారి ఆక్సిజన్ ఎంత ఉందో చూడమని మీ దత్తత ఏజెన్సీ ద్వారా అడిగించండి. 95 శాతానికి తక్కువ వచ్చినా, ఆడాక పడిపోయినా, ఆ వారమే పిల్లల గుండె డాక్టర్ చూడాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, అమెరికా తెచ్చుకున్నాక చేయించొచ్చా అని. నా ఉద్దేశంలో అంతదాకా ఆగకూడదు. ఇంత పెద్ద వీఎస్‌డీని మేం ఏడాది నిండకముందే మూయాలని చూస్తాం. రెండేళ్ళు దాటాక ప్రతి నెలకూ లెక్క ఉంటుంది. కొత్త ఈకోలో ఊపిరితిత్తుల ఒత్తిడి ఎక్కువని వస్తే క్యాథ్ పరీక్ష (రక్తనాళం గుండా గుండెలోకి సన్నటి గొట్టం పంపి చేసేది) చేసి, ఊపిరితిత్తుల నాళాలు రక్తానికి ఎంత అడ్డుపడుతున్నాయో, అంటే నిరోధం ఎంతో కొలుస్తారు. అది 4 యూనిట్లలోపు ఉంటే సాధారణంగా ఆపరేషన్‌కు ముందుకు వెళ్తాం, 8 దాటితే సాధారణంగా వెళ్ళం. మధ్యలో ఉన్న పిల్లల విషయంలో మా డాక్టర్లలోనే వాదనలు జరుగుతాయి. మీ పాప ఆ మధ్య గీతల్లోకి జారకముందే తేలాలి.

కొన్నేళ్ళ కిందట నా దగ్గరికి ఒక బాబును తెచ్చారు. విదేశంలో ఉన్న దంపతులు ఖాయం చేసుకున్న పిల్లాడు. 'ఎలాగూ వాళ్ళు తీసుకెళ్ళి మంచి ఆసుపత్రిలో చేయించుకుంటారు, మనకెందుకు రిస్కు' అని ఇక్కడివాళ్ళు ఆగారు. 'కాగితాలు పూర్తికాకుండా మనం అడిగితే బాగుండదేమో' అని అక్కడివాళ్ళు ఆగారు. అందరూ మంచివాళ్ళే. మా దగ్గరికి వచ్చేసరికి బాబుకు నాలుగున్నరేళ్ళు. ఏడిస్తే పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు అయ్యేవి. క్యాథ్ చేశాం. రంధ్రం మూసే వీలు లేదు. మూస్తే కుడి గుండె ఒత్తిడి తట్టుకోలేదు. 'ముందే ఎందుకు చెప్పలేదు?' అని ఆ తల్లి ఫోన్‌లో అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ విషయంలో కొంచెం గట్టిగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

దత్తత ఉత్తర్వు వచ్చేదాకా పాప బాధ్యత ఆ కేంద్రానిది, శిశు సంక్షేమ సమితిది. ఆపరేషన్ అవసరమైతే చేయించడం వాళ్ళ పనే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు కూడా ఉన్నాయి. 18 ఏళ్ళలోపు పిల్లలకు అది వర్తిస్తుంది. మీరు చేయాల్సిందల్లా మీ ఏజెన్సీ ద్వారా కారాకు రాతపూర్వకంగా ఒక్క విషయం తెలియజేయడం: మా దత్తత కోసం ఆపరేషన్ ఆపవద్దు, ముందు ఈకో తీయించండి, డాక్టర్ చేయమంటే అక్కడే చేయించండి అని. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, కాగితం మీద పెట్టండి. పాప వైద్య నివేదికను మీకు నచ్చిన డాక్టర్‌కు చూపించుకునే హక్కు నిబంధనల్లోనే ఉంది. సంతకం పెట్టేముందు దాన్ని వాడుకోండి.

విమానం సంగతి ఎవరూ ఆలోచించరు కాబట్టి చెబుతున్నాను. విమానం లోపల గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకు పడిపోవచ్చు. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఎక్కువున్న పిల్లకు పదిహేను, పదహారు గంటలు అలా కూర్చోవడం చిన్న విషయం కాదు. గుండె డాక్టర్ 'ప్రయాణించవచ్చు' అని రాసి ఇవ్వకుండా ఎక్కించకండి. కొందరికి దారిలో ఆక్సిజన్ అవసరమవుతుంది.

సిల్డెనాఫిల్ మాట. మీ బంధువు పాపను చూడలేదు, ఈకో చూడలేదు, మందు పేరు మాత్రం చెప్పారు. ఇది మన ఇళ్ళలో జరిగేదే గానీ, ఇక్కడ ప్రమాదం. రక్తం ఇంకా ఎడమ నుంచి కుడికే పోతున్న పాపకు ఈ మందు ఇస్తే ఊపిరితిత్తుల మీదకు ఇంకా ఎక్కువ రక్తం పడవచ్చు, ఆయాసం ముదరవచ్చు. ఈ మందుకు కొందరు పిల్లల్లో పెద్ద పాత్ర ఉంది, కానీ అది పరీక్షల తర్వాత, గుండె డాక్టర్ చేతుల మీదుగా. మీదాకా వచ్చిన ఈ సలహా కేంద్రంలో ఉన్న ఆయమ్మ దాకా వాట్సాప్‌లో వెళ్ళకుండా చూసుకోండి.

టానిక్ కూడా పంపొద్దు. ఈ వయసు ఆడపిల్ల సగటున 13 కిలోలు దాటాలి, మీ పాప 10.2. తిండి తక్కువై కాకపోవచ్చు, గుండె తిన్నదంతా ఖర్చు పెట్టేస్తూ ఉండవచ్చు. రంధ్రం మూశాక చాలామంది పిల్లలు తామే పుంజుకుంటారు. ఇంకో సంగతి. స్వీడన్‌కు దత్తత వెళ్ళిన భారతీయ ఆడపిల్లలను ఉప్సలలోని వైద్యులు గమనిస్తే, వాళ్ళలో సగంమంది 11.6 ఏళ్ళకే రజస్వల అయినట్టు తేలింది. తక్కువ ఎదుగుదలతో వెళ్ళి అక్కడ గబగబా పెరగడానికీ, దీనికీ సంబంధం ఉండవచ్చని అనుమానించారు. మీ అమ్మగారు 'పాపం సన్నగా ఉంది' అని నెయ్యి ముద్దలు పెట్టాలని చూస్తే ఈ పేరా చూపించండి.

'ఎదుగుదల కొంచెం ఆలస్యం' అన్న మాటకు అర్థం చాలా ఉంది. కేంద్రంలో మూడు నెలలు ఉంటే ఒక నెల ఎదుగుదల వెనకబడుతుందని దత్తత పిల్లలను చూసే డాక్టర్లు ఒక మోటు లెక్క చెబుతారు. గుండె జబ్బు దానికి తోడు. అదంతా చాలావరకు కోలుకునేదే. కానీ వీఎస్‌డీ, ఆలస్యం రెండూ కలిస్తే మేం డౌన్ సిండ్రోమ్, 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించే సమస్య ఉన్నాయేమో చూస్తాం. డౌన్ ఉన్న పిల్లల్లో ఊపిరితిత్తుల నాళాలు ఇంకా త్వరగా గట్టిపడతాయి. రెండోదాంట్లో కాల్షియం, రోగనిరోధక శక్తి తగ్గవచ్చు, రక్తం ఎక్కించేటప్పుడు జాగ్రత్త అవసరం. అంటే ఆపరేషన్‌కు ముందే తెలియాలి. మీ నివేదికలో తల చుట్టుకొలత గడి ఖాళీగా ఉంది. టేపు ఉంటే నిమిషం పని. పుట్టినప్పటి నుంచి ఎప్పుడెప్పుడు కొలిచారో అన్నీ అడగండి. థైరాయిడ్, వినికిడి పరీక్షలు కూడా.

ఇక అమ్మగారి బెంగ. మచ్చ ఛాతీ మధ్యలో నిలువుగా ఉంటుంది, జాకెట్టు కింద ఉంటుంది, ఏళ్ళ మీద సన్నబడుతుంది. వేళకు రంధ్రం మూసిన ఆడపిల్లలు పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, వాళ్ళనే నా ఓపీకి తెస్తున్నారు. మూయకుండా వదిలేసి నాళాలు గట్టిపడితేనే గర్భం ప్రాణం మీదకు వస్తుంది. అమ్మగారు బెంగపడాల్సింది మచ్చ గురించి కాదు.

అమెరికా చేరాక సంగతులు క్లుప్తంగా: రెండు వారాల్లోపు పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇక్కడ చేసినా సరే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు మళ్ళీ చేస్తారు, మలపరీక్ష, హిమోగ్లోబిన్ రకాల పరీక్ష చేస్తారు. 'మా పాపకు ఇవెందుకు' అని నొచ్చుకోకండి. పాపకు రెండేళ్ళు దాటాయి కాబట్టి వీసా వైద్య పరీక్షలోనే టీబీకి రక్తపరీక్ష ఉంటుంది. కంపెనీ ఇన్సూరెన్సులో పాప పేరు 30 రోజుల్లోపు చేర్పించండి, పాత జబ్బు అని కాదనడానికి వీల్లేదు. పాత ఈకో వీడియోలు, డిశ్చార్జి కాగితాలు సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో పెట్టుకోండి. ఏ ఏజెన్సీ త్వరగా చేస్తుంది, కలెక్టర్ ఉత్తర్వుకు ఎన్నాళ్ళు పడుతుంది అన్నవి నన్ను అడగకండి. 2022 సెప్టెంబరు నుంచి కోర్టు బదులు కలెక్టరే ఉత్తర్వు ఇస్తున్నారన్నంతవరకే నాకు తెలుసు.

పాప మహారాష్ట్ర కేంద్రంలో పెరిగింది, తెలుగు రాదు. ఇంగ్లీషు అసలే రాదు. నొప్పిగా ఉందని మరాఠీలో 'దుఖ్‌తయ్' అంటారు. మీరిద్దరూ ఆ మాట నేర్చుకోండి, ఆసుపత్రిలో నర్సుకూ చెప్పండి. ఆయమ్మను అడిగి పాప వాడే మాటలు ఇంకో ఇరవై రాసుకురండి: నీళ్ళు, ఆకలి, పాస్, ఎత్తుకో.

ఇదంతా మీ ఉత్తరం, మూడు పేజీల రిపోర్టు చూసి రాసినది. పాపను నేను పరీక్షించలేదు కాబట్టి దీన్ని వైద్య నిర్ణయంగా తీసుకోవద్దు. పాపను చూసే గుండె డాక్టర్ మాటే చెల్లుతుంది. కొత్త ఈకో తీసినప్పుడు కాగితంతో పాటు వీడియో సీడీ కూడా తెప్పించండి. కాగితం ఒక్కటే పంపితే మళ్ళీ ఇదే జవాబు రాయాల్సి వస్తుంది.
- పిల్లల గుండె వైద్య నిపుణులు, హైదరాబాద్