దంత సందేహాలు: నెత్తురు వస్తోందని బ్రష్ ఆపేయవచ్చా?

ఈ నెల అందిన ఉత్తరాల్లో చాలా భాగం పన్ను సలపడం మొదలయ్యాక రాసినవే. పుచ్చు నరం దాకా దిగేవరకూ పన్ను పెద్దగా బాధపెట్టదు, చిగుళ్ళ జబ్బయితే పన్ను కదిలేవరకూ నొప్పి లేకుండానే ముదరవచ్చు. అందుకే నొప్పికి ముందు కనిపించే గుర్తుల గురించి అడిగిన ఉత్తరాలకు ఈసారి పెద్దపీట వేశాను.

"నా వయసు 46. కొన్ని నెలలుగా పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోంది. ఆ వైపు బ్రష్ మానేసి వేలితో పళ్ళపొడి రుద్దుకుంటున్నాను. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయని మా అత్తగారు వద్దంటున్నారు." – ఒక గృహిణి, పాలకొల్లు

అమ్మా, మీరు బ్రష్ మానేసిన చోటే దాని అవసరం ఎక్కువగా ఉంది. పన్నూ చిగురూ కలిసే అంచున పేరుకున్న పాచిలోని సూక్ష్మజీవుల వల్ల చిగురు వాచి, తాకితే చాలు నెత్తురు వస్తుంది. దానికి జడిసి అక్కడ తోమకపోతే పాచి పెరుగుతుంది, వాపూ పెరుగుతుంది. మెత్తని బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, గట్టిగా రుద్దకుండా, ఉదయం రెండు నిమిషాలు, రాత్రి పడుకోబోయే ముందు రెండు నిమిషాలు తోమండి. మొదట్లో నెత్తురు కనిపించినా వారం పది రోజుల్లో చాలామందికి తగ్గుముఖం పడుతుంది.

మీ అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదు. కింది ముందు పళ్ళ వెనక, నాలుక తగిలే వైపు, గోటితో గీకి చూడండి. అక్కడ గరుకుగా రాయిలా తగిలేదే గార, అంటే లాలాజలంలోని కాల్షియం పట్టి గట్టిపడిన పాచి. ఎంత తోమినా అది ఊడదు. ఏళ్ళ తరబడి వదిలేస్తే చిగురు కిందికి దిగి, లోపలి ఎముక కరిగి పళ్ళు వదులవుతాయి. అయితే అదే గార పళ్ళను ఒకదానితో ఒకటి అతికించి పట్టి ఉంచుతుంది కనుక ఆ వదులు బయటికి తెలియదు. క్లీనింగ్‌లో గార రాలగానే కదలిక బయటపడుతుంది, నింద మాత్రం క్లీనింగ్ మీద పడుతుంది. తొందరగా చేయించుకుంటే అంత దూరం రాదు. తర్వాత కొన్నాళ్ళు చల్లనివి తాగితే జివ్వుమనడం మామూలే.

గార తీయించి, రెండు వారాలు శ్రద్ధగా తోమినా నెత్తురు ఆగకపోతే షుగర్ పరీక్ష చేయించుకోండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది.

"మా మనవడికి ఏడేళ్ళు. వెనక దవడ పన్ను మీద నల్లటి గుంట పడింది. ఎలాగూ ఊడిపోయే పాలపన్నే కదా అని మా అబ్బాయి అంటున్నాడు. ఫ్లోరైడ్ పేస్టు పిల్లలకు ప్రమాదమని విన్నాం, నిజమేనా?" – ఒక తాతగారు, అమలాపురం

అది పాలపన్నో కాదో ముందు మీరే తేల్చుకోవచ్చు. పిల్లవాణ్ణి వెలుతురులో కూర్చోబెట్టి, ముందు పళ్ళ నడిమి నుంచి ఒక పక్కగా వెనక్కి లెక్కపెట్టండి, ఊడిన పళ్ళ ఖాళీలనూ లెక్కలో కలపండి. పాలపళ్ళు మొత్తం 20, అంటే ఒక్కో దవడలో పక్కకు అయిదే. గుంట ఆరో పంటి మీద ఉంటే అది జీవితాంతం ఉండవలసిన పన్ను. ఇది ఆరేళ్ళ వయసులో, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ళ వెనక మొలుస్తుంది కనుక చాలా ఇళ్ళలో దీన్ని పాలపన్నే అనుకుంటారు. ఒకవేళ అది నాలుగోదో అయిదోదో అయినా 10–12 ఏళ్ళ వరకూ ఉండాలి. ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, వచ్చే పన్నుకు చోటు చాలదు. ఎటు చూసినా గుంట చిన్నదిగా ఉండగానే సిమెంటు పెట్టించడం మేలు.

ఫ్లోరైడ్ భయం నల్లగొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో ఫ్లోరైడ్ మితిమీరిన బోరు నీళ్ళు తాగినవారి కష్టం చూసి పుట్టింది. మీ వైపు ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీరు గోదావరి నీరు. అందులో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే. బఠాణీ గింజంత పేస్టు వేసి, మింగకుండా ఉమ్మేయడం నేర్పితే ఆ వయసుకు భయం లేదు, పైగా పుచ్చును అడ్డుకునేది అదే.

పూతరేకులూ కాజాలూ మానిపించమని నేను చెప్పను, మన వైపు అది జరిగే పని కాదు. ఎంత తిన్నాడన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నాడన్నది పంటికి ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో ఆమ్లం పుట్టి, సుమారు అరగంట పాటు పంటి పైపొరను కరిగిస్తుంది. ఆ తర్వాతే లాలాజలం దాన్ని సరిదిద్దడం మొదలుపెడుతుంది. భోజనంతో పాటు ఒక కాజా తిని ఊరుకున్న పిల్లవాడి కంటే, బిళ్ళలు జేబులో వేసుకుని సాయంత్రమంతా చప్పరించే పిల్లవాడి పళ్ళే ముందు పుచ్చుతాయి.

"వచ్చే నెల నా పెళ్ళి. పళ్ళు పసుపుగా ఉన్నాయని ఫోటోల్లో నోరు మూసుకునే నవ్వుతున్నాను. నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దుకోవచ్చా?" – ఒక యువకుడు, భీమవరం

వద్దు. నిమ్మరసం పంటి పైపొర ఎనామిల్‌ను కరిగిస్తుంది, అది మళ్ళీ పెరగదు. దాని కిందున్న పొర రంగే పసుపు కనుక, ఎనామిల్ పలచబడేకొద్దీ పళ్ళు ఇంకా పచ్చగా కనిపిస్తాయి. ముందు క్లీనింగ్ చేయించుకుని అద్దంలో చూసుకోండి. టీ మరకలూ గారా పోయాక చాలామందికి అంతకుమించి అవసరం పడదు. అయినా తెలుపు కావాలనిపిస్తే దంతవైద్యుల దగ్గరే బ్లీచింగ్ చేయించుకోండి, కాకపోతే క్యాపులూ సిమెంటు పెట్టిన పళ్ళూ దానివల్ల రంగు మారవు. పెళ్ళికి రెండు వారాల ముందే ముగించుకుంటే పళ్ళ జివ్వు తగ్గే వ్యవధి ఉంటుంది.

"పై పన్ను తీయిస్తే చూపు తగ్గుతుందా?" – రాజోలు

తగ్గదు. పంటికి వెళ్ళే నరం వేరు, చూపుకు సంబంధించిన నరం వేరు.

"మా నాన్నగారికి 70 ఏళ్ళు. చిన్నప్పటి నుంచీ లంక పొగాకు చుట్ట అలవాటు. నెల రోజులుగా బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఉంది. 'నొప్పి లేదు కదా, డాక్టరు ఎందుకు?' అంటున్నారు." – ఆత్రేయపురం

ఆ నొప్పి లేకపోవడమే నన్ను తొందరపెడుతోంది. రుద్దినా పోని తెల్ల మచ్చ గానీ, ఎర్ర మచ్చ గానీ, మానని పుండు గానీ రెండు వారాలు దాటితే చూపించి తీరాలి. ప్రతి తెల్ల మచ్చా క్యాన్సర్ కాదు, కానీ క్యాన్సర్‌గా మారే మచ్చలు మొదట్లో ఇలాగే నొప్పి లేకుండా ఉంటాయి. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దంత విభాగం ఉన్న ప్రభుత్వ ఆస్పత్రికైనా ఈ వారమే తీసుకువెళ్ళండి. చుట్ట మాన్పించాక వెళ్దామని మాత్రం వాయిదా వేయకండి; ఆ సంగతి డాక్టరు గారి ముందే మాట్లాడవచ్చు.