డాక్టర్ సలహా: నాన్నగారి కిడ్నీలకు కొత్త మందు మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు. మా సొంతూరు సోంపేట దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా గాజువాకలో ఉంటున్నాం. ఆయన ఒక వర్క్‌షాపులో వెల్డింగ్ పని చేస్తారు. తొమ్మిదేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్‌తో పాటు టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్షలో ఎనిమిది నెలల కిందట 1.4 ఉన్న క్రియాటినిన్ ఇప్పుడు 1.8 వచ్చింది. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చే మాత్ర వేసుకుంటారు, దానితో ఇబ్బందేమీ లేదు. వేడి చేయకుండా రోజూ కొబ్బరినీళ్లు ఇస్తున్నాం. షుగర్‌కు వచ్చిన కొత్త మాత్రలు కిడ్నీలను బాగుచేస్తాయని, వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్ కూడా పనిచేస్తుందని చదివాను. డాపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టవచ్చా? ఇంజెక్షన్ అయితే ఇంకా మంచిదా? ఇది ఉద్దానం జబ్బేనా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కొత్త మందుల గురించి మీరు శ్రద్ధగా చదివారని అర్థమవుతోంది. వాటి సంగతి తప్పకుండా చెబుతాను. అయితే మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీరు అడిగిన విషయం కాదు, మోకాళ్ల మాత్ర గురించి రాస్తూ ‘దానితో ఇబ్బందేమీ లేదు’ అని దాటవేసిన మాట. ఆ మాత్ర పేరేమిటో, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో, ఎన్ని నెలలుగా వేసుకుంటున్నారో మీరు రాయలేదు. చూడకుండా ఖచ్చితంగా చెప్పడం సరికాదు గానీ, మన ప్రాంతంలో మోకాళ్ల నొప్పికి చీటీ లేకుండా చేతిలో పెట్టేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ జాతి మాత్రలే. మీ నాన్నగారు వేసుకుంటున్నది అదే అయితే దాన్ని ఈ రోజే ఆపాలి. షుగర్, బీపీ మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

కారణం చెబుతాను, ఎందుకంటే మీరు అడిగిన కొత్త మందు పనిచేసేది కూడా సరిగ్గా అదే చోట. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత యంత్రాలు ఉంటాయి. ఒక్కో యంత్రంలో గ్లోమెరులస్ అనే సన్నని రక్తనాళాల ఉండ ఉంటుంది. దానిలోకి రక్తాన్ని తెచ్చే నాళం ఒకటి, బయటకు తీసుకుపోయే నాళం ఒకటి. ఈ రెండూ ఎంత తెరుచుకుని ఉన్నాయన్నదాన్ని బట్టి ఆ ఉండలోని ఒత్తిడి, దాన్ని బట్టి వడపోత సాగుతాయి. చెమట ఎక్కువగా పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాలను తయారు చేసుకుని, రక్తం వచ్చే నాళం ముడుచుకుపోకుండా కాపాడుకుంటుంది. మోకాళ్లలో నొప్పిని, వాపును పెంచేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే కాబట్టి నొప్పి మాత్ర వాటి తయారీని అడ్డుకుంటుంది. మోకాలికి ఉపశమనం దొరుకుతుంది, అదే సమయంలో కిడ్నీకి ఉన్న ఆ రక్షణ పోతుంది. మరోవైపు టెల్మిసార్టన్ రక్తం బయటకు వెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది. అది మామూలుగా కిడ్నీకి మేలు చేసే పని. హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటకు పంపిస్తుంది. ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లో మన విశాఖ ఉక్కపోతలో, రేకుల షెడ్డు కింద రోజంతా వెల్డింగ్ చేస్తున్న మనిషిని ఊహించుకోండి. లోపలికి వచ్చే దారి ముడుచుకుంది, బయటకు పోయే దారి వదులైంది, వచ్చే రక్తమే తక్కువగా ఉంది. వడపోతకు కావలసిన ఒత్తిడి ఇక ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మూడు రకాల మందులు కలిసినప్పుడు కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం ఉందని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. నొప్పి మాత్ర అమ్మేవారికి మాత్రం మీ నాన్నగారు మిగతా రెండూ వాడుతున్నారన్న సంగతి తెలియదు, వారు అడగరు, మనవాళ్లు చెప్పరు.

క్రియాటినిన్ 1.4 నుంచి 1.8కి వెళ్తే ఎంతో పెరగలేదని చాలామంది అనుకుంటారు. 56 ఏళ్ల మగవారికి ఇప్పుడు వాడుతున్న సూత్రంతో లెక్కవేస్తే, 1.4 అంటే వడపోత సామర్థ్యం సుమారు 59, 1.8 అంటే సుమారు 44. ఈజీఎఫ్ఆర్ అని రిపోర్టులో కింద చిన్న అక్షరాలతో ఉండే అంకె ఇదే. ఎనిమిది నెలల్లో ఇంత తగ్గడం మామూలు వేగం కాదు. షుగర్ జబ్బు ఒక్కటే అయితే ఇంత తొందరగా దిగజారడం అంత సాధారణం కాదు కాబట్టి, దాని వెనుక సరిచేయగలిగిన కారణం ఏదైనా ఉందేమోనని ముందు వెతకాలి. దొరికితే కొంత సామర్థ్యం వెనక్కి వచ్చే అవకాశం కూడా ఉంటుంది. ఏ కొత్త మందూ ఇవ్వలేని లాభం అది.

ఈ విషయం మీద నేను ఎక్కువగా రాస్తున్నానని అనిపిస్తే క్షమించండి. మా ఓపీలో వారం వారం చూస్తున్నది ఇదే. ఈ మధ్య ఒకావిడ మందులన్నీ చూపించమంటే ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పారు. అందులో రెండేసి మాత్రల చొప్పున కత్తిరించిన నాలుగు స్ట్రిప్పు ముక్కలున్నాయి. ఒక ముక్క తిరగేస్తే వెండి రేకు మీద మిగిలినవి చివరి నాలుగు అక్షరాలే. పేరు, మోతాదు, డాక్టర్ చీటీతోనే అమ్మాలని చెప్పే ఎర్ర గీత ఉన్న భాగం షాపులోనే ఉండిపోయింది. ఆవిడ దాన్ని ‘ఎర్ర బిళ్ళ’ అంటారు, రెండేళ్లుగా వేసుకుంటున్నారు. గ్యాస్ రాకుండా దానితో పాటు పొద్దున్నే ఇంకొక మాత్ర. కడుపులో మంట లేదు కాబట్టి మందు పడుతోందనే ఆవిడ నమ్మకం. గ్యాస్ మాత్ర కడుపును కాపాడుతుంది, కిడ్నీని కాపాడదు. కిడ్నీకి నొప్పి తెలియదు, సగం సామర్థ్యం పోయేవరకు అది బయటకు ఏ సంకేతమూ ఇవ్వకపోవచ్చు. అందుకే ‘ఇబ్బందేమీ లేదు’ అన్న మాటను నేను నమ్మలేను.

ఇక కొత్త మందు సంగతికి వద్దాం. డాపాగ్లిఫ్లోజిన్ జాతి మందులకు మూలం ఆపిల్ చెట్టు వేరు బెరడులో 1835లో కనుగొన్న ఫ్లోరిజిన్ అనే పదార్థం. వడపోతలో జారిన చక్కెరను కిడ్నీ గొట్టాల్లో ఎస్‌జీఎల్‌టీ2 అనే ప్రోటీన్ తిరిగి పీల్చుకుంటుంది, చక్కెరతో పాటు ఉప్పులోని సోడియంనూ లాక్కుంటుంది. షుగర్ ఉన్నవారిలో ఈ పీల్పు ఎక్కువ కావడంతో గొట్టం చివరి భాగానికి చేరే ఉప్పు తగ్గిపోతుంది. అక్కడ ఉప్పును కొలిచే కణాలు దాన్ని చూసి, వడపోత చాలడం లేదని పొరబడి, రక్తం తెచ్చే నాళాన్ని మరింత తెరిపిస్తాయి. గ్లోమెరులస్‌లో ఏళ్ల తరబడి ఒత్తిడి ఎక్కువై, అది నెమ్మదిగా గట్టిపడి పాడవుతుంది. ఎస్‌జీఎల్‌టీ2ను మందు అడ్డుకుంటే ఉప్పు మళ్లీ ఆ కణాలకు చేరుతుంది, నాళం తనంతట తాను సరైన మేరకు ముడుచుకుంటుంది, ఒత్తిడి తగ్గుతుంది. నొప్పి మాత్ర కూడా అదే నాళాన్ని ముడిచేస్తుంది కదా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కొత్త మందు కిడ్నీ స్వంత కొలమానాన్ని సరిచేసి, ఎంత ముడుచుకోవాలన్నది కిడ్నీకే వదిలేస్తుంది. నొప్పి మాత్ర మాత్రం రక్తం తక్కువైన ఆపద వేళ తెరుచుకునే శక్తినే తీసివేస్తుంది.

2020లో వెలువడిన డాపా-సీకేడీ అధ్యయనంలో 4,304 మంది పాల్గొన్నారు, వారిలో మూడో వంతు మందికి షుగర్ లేదు. సగటున రెండేళ్లకు పైగా గమనిస్తే, వడపోత సగానికి పడిపోవడం, డయాలసిస్ దశకు చేరడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణించడం వంటివి మందు లేని మాత్ర వేసుకున్నవారిలో 14.5 శాతం మందికి జరిగితే, డాపాగ్లిఫ్లోజిన్ వేసుకున్నవారిలో 9.2 శాతం మందికి జరిగాయి. ఇది చాలా పెద్ద మేలు. అయినా 9.2 అంటే సున్నా కాదని, పాడైన భాగం తిరిగి మొలిచిందని దీని అర్థం కాదని గమనించండి. ‘కిడ్నీలను బాగుచేస్తాయి’ అని మీరు చదివినది ఇక్కడే తప్పుదోవ పట్టిస్తోంది. ఈ మందులు జబ్బు ముదిరే వేగాన్ని తగ్గిస్తాయి. 6,609 మందితో జరిగిన ఎంపా-కిడ్నీ అధ్యయనం కూడా ఎంపాగ్లిఫ్లోజిన్‌తో ఇదే దారిలో ఫలితాలిచ్చింది. మీరు అడిగిన ఇంజెక్షన్ సెమాగ్లూటైడ్ అయి ఉంటుంది. షుగర్‌తో పాటు కిడ్నీ జబ్బు ఉన్న 3,533 మందిలో అది పెద్ద ప్రమాదాలను 24 శాతం తగ్గించిందని 2024లో తేలింది. కిడ్నీలో మచ్చ కట్టడాన్ని తగ్గించే ఫినెరినోన్ అనే మరో మాత్ర కూడా ఉంది గానీ, అది పొటాషియంను పెంచవచ్చు కాబట్టి రక్తపరీక్ష లేకుండా దాని ఊసెత్తను. ఇంజెక్షన్ అయినంత మాత్రాన మాత్ర కంటే మంచిదని అనుకోవద్దు. ఎవరికి ఏది, ఏ వరుసలో అన్నది మనిషిని పరీక్షించి నిర్ణయించవలసిన విషయం.

మీ నాన్నగారి అంకెలను బట్టి చూస్తే డాపాగ్లిఫ్లోజిన్ ఆలోచించదగినదే. కానీ నేనైతే ముందు నొప్పి మాత్ర ఆపించి, ఒకటి రెండు వారాల తర్వాత క్రియాటినిన్ మళ్లీ చూసి, ఆ తర్వాతే మొదలుపెడతాను. ఎందుకంటే ఈ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒత్తిడి తగ్గడం వల్ల క్రియాటినిన్ కొద్దిగా పెరగడం సహజం, దాన్ని చూసి భయపడి ఆపేసేవారు చాలామంది. నొప్పి మాత్ర కూడా లోపల ఉంటే ఆ పెరుగుదల దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. మన దేశంలో దీని పేటెంటు 2020లో ముగిశాక ధర బాగా తగ్గింది. మంచిదే, కానీ అందువల్లనే షాపులో చీటీ లేకుండా దొరకడమూ తేలికైంది. దయచేసి అలా కొనవద్దు. వాంతులు, విరేచనాలు, ఉపవాసం ఉన్న రోజుల్లో ఈ మందు తాత్కాలికంగా ఆపాలి. ఆపరేషన్ ఏదైనా ఉంటే కొన్ని రోజుల ముందే ఆపాలి. లేకపోతే రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదకు రావచ్చు. మర్మాంగాల దగ్గర ఫంగస్ దురద రావచ్చు, సిగ్గుపడి దాచకూడదు. మూత్రపరీక్షలో చక్కెర ఎప్పుడూ కనబడుతుంది, అది మందు చేసే పనే. మెట్‌ఫార్మిన్ మోతాదును కూడా ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గినప్పుడు డాక్టర్ మరొకసారి చూడాలి.

ఉద్దానం జబ్బా అని అడిగారు. ఉద్దానం ప్రాంతమైన సోంపేట, కవిటి, కంచిలి వైపు షుగర్, బీపీ లేనివారికి కూడా కిడ్నీలు పాడవుతుండటం, దాని అసలు కారణం ఇప్పటికీ తేలకపోవడం నిజం. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలైంది కూడా అందుకే. కానీ మీ నాన్నగారికి షుగర్ ఉంది, బీపీ ఉంది, నొప్పి మాత్ర ఉంది. నెపాన్ని పుట్టిన ఊరి పేరు మీద పెట్టేసి, కళ్ల ముందున్న కారణాలను వదిలేయడం నాకు నచ్చని పద్ధతి. తేడా తెలియడానికి ఒక సులువైన ఆధారం మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే ప్రోటీన్. షుగర్ వల్ల వచ్చే జబ్బులో అది సాధారణంగా ఎక్కువగా పోతుంది, ఉద్దానం తరహా జబ్బులో తక్కువగా పోవడం ఎక్కువ. డాపా-సీకేడీలో ఆల్బుమిన్ బాగా పోతున్నవారినే తీసుకున్నారు కాబట్టి, ఆ ఫలితాన్ని మీ నాన్నగారికి ఎంతవరకు అన్వయించాలన్నది కూడా ఈ పరీక్షే చెబుతుంది. తొమ్మిదేళ్ల షుగర్‌లో ఇది ఒక్కసారైనా చేయించారా? మీరు రాయలేదు కాబట్టి చేయించలేదనే అనుకుంటున్నాను. క్రియాటినిన్ 1.4 వచ్చిన రోజు నుంచి ఎనిమిది నెలలు ఆగడం మాత్రం సరికాలేదు, మూడు నెలలకే మళ్లీ చూపించి ఉండవలసింది.

కొబ్బరినీళ్లు ప్రస్తుతానికి మానిపించండి. వాటిలో పొటాషియం చాలా ఎక్కువ. ఈ స్థాయి కిడ్నీ, టెల్మిసార్టన్, దాని మీద నొప్పి మాత్ర కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. పనిలో దాహానికి మామూలు మంచినీళ్లు తాగనివ్వండి. కాళ్ల వాపు, ఆయాసం ఉంటే ఎంత తాగాలన్నది డాక్టరే చెప్పాలి. చెట్ల మందులు, భస్మాలు ఏవైనా వాడుతుంటే వాటినీ ఆపి, దాచకుండా చూపించండి. మోకాళ్లకు తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం, అవసరమైతే డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ సరిపోవచ్చు. ఆ వ్యాయామం ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఈ వారంలోనే క్రియాటినిన్, పొటాషియం, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, కిడ్నీల అల్ట్రాసౌండ్ చేయించి నెఫ్రాలజీ (కిడ్నీ) వైద్యుడిని కలవండి. విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లోనూ ఆ విభాగం ఉంది. మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా, కాళ్లు ఉన్నట్టుండి నీరసించినా, గుండె దడగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. నేను ఇక్కడ రాసినది మీరు పంపిన నాలుగు వాక్యాలను బట్టి చెప్పినదే, మందు మోతాదు మాత్రం మీ నాన్నగారిని చూసిన డాక్టరే నిర్ణయించాలి. వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు మోకాళ్ల మాత్ర స్ట్రిప్పును కూడా తీసుకెళ్లండి. షాపువారు కత్తిరించి ఇచ్చి ఉంటే, పేరున్న ముక్కను అడిగి తీసుకుని వెళ్లండి.