బెలూన్ ఆపరేషన్‌లో బీపీ పడిపోవడం కన్నా పెరగడమే ప్రమాదం

ప్రశ్న: "నాన్నగారికి 67 ఏళ్లు, బీపీ ఉంది. ట్రైజెమినల్ న్యూరాల్జియాకి బెలూన్ ఆపరేషన్ అన్నారు. మధ్యలో బీపీ పడిపోయి గుండె ఆగిపోతుందంటున్నారు, నిజమేనా?"

ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటే ముఖానికి వెళ్లే ఐదో నరం వల్ల మెరుపులా వచ్చే నొప్పి. చిన్న బెలూన్‌తో ఆ నరాన్ని కాసేపు నొక్కి నొప్పి తగ్గించడమే ఈ ఆపరేషన్. బీపీ పడిపోయే మాట నిజమే. కానీ అది థియేటర్‌లో అందరూ ఎదురుచూసేదే. ఎక్కడ జరుగుతుందో కూడా ముందే తెలుసు.

నోటి మూల నుంచి సుమారు రెండున్నర సెంటీమీటర్లు పక్కకి, చెంపలోంచి 14 గేజ్ సూది దించుతారు. ఎక్స్‌రేలో చూసుకుంటూ పుర్రె అడుగున ఉన్న ఫొరామెన్ ఒవేల్ అనే రంధ్రం దాకా తీసుకెళ్తారు. సూది ఆ రంధ్రంలోకి దిగేటప్పుడు ఒకసారి, సూదిలోంచి పంపిన ఫోగార్టీ అనే చిన్న బెలూన్‌లోకి ఎక్స్‌రేలో కనబడే డై ఎక్కించేటప్పుడు ఇంకోసారి ఐదో నరం నలుగుతుంది. డై ఒక ఎంఎల్ లోపే. బెలూన్ బేరిపండు ఆకారంలోకి వచ్చిందంటే సరైన చోట ఉన్నట్టు. సరిగ్గా అప్పుడే మానిటర్ బీప్‌ల మధ్య ఎడం పెరుగుతుంది. 75 ఉన్న పల్స్ 40కి దిగుతుంది, దాంతో బీపీ కూడా పడిపోతుంది, ఒక్కోసారి కొన్ని సెకన్లు అసలు కొట్టుకోదు. నలిగిన నరం కబురు మెదడు అడుగుభాగమైన బ్రెయిన్‌స్టెమ్‌కి చేరి, అక్కణ్ణుంచి వేగస్ నరం గుండెని నెమ్మదింపజేయడమే దీనికి కారణం. సర్జన్ బెలూన్ వదలగానే చాలామందికి సర్దుకుంటుంది. సర్దుకోకపోతే గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు 0.6 మిల్లీగ్రాములు సిరంజిలో సిద్ధంగా ఉంటుంది. అవసరమైతే కరెంటుతో గుండెని కొట్టించే పేసింగ్ ప్యాడ్లు ఛాతీకి ముందే అంటించి ఉంచడం ఇంకా మంచిది.

అసలు భయపడాల్సింది బీపీ పెరగడం గురించి. నరాన్ని నిమిషం, నిమిషంన్నర నొక్కి ఉంచేటప్పుడు, వదిలాక కూడా, పై బీపీ 200 దాటవచ్చు. అట్రోపిన్ గుండె వేగాన్ని కాపాడుతుందే తప్ప ఈ పెరుగుదలను ఆపదు. వయసు మీదపడి, రక్తనాళాలు గట్టిపడ్డవాళ్లకి మెదడులో రక్తస్రావం అయ్యేది ఇలాంటప్పుడే. అరుదే, కానీ అయితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే నొక్కేముందు మత్తు లోతు పెంచాలి, బీపీ దించే లాబెటలాల్ లాంటి మందు చేతిలో ఉండాలి.

చేతికి కట్టే పట్టీతో బీపీ చూస్తే సరిపోదు. అది మూడు నిమిషాలకో ఐదు నిమిషాలకో ఒకసారి కొలుస్తుంది, ఇక్కడ కథంతా సెకన్లలో నడుస్తుంది. మణికట్టు ధమనిలో ఆర్టీరియల్ లైన్ అనే సన్నని గొట్టం పెడితే ప్రతి బీటుకీ బీపీ కనబడుతుంది. పెడతారా అని అడగండి, మొహమాటపడకండి. 1888, 89లలో మన హైదరాబాద్‌లోనే క్లోరోఫామ్ మత్తు ఎంత భద్రమో తేల్చే కమిషన్లు కూర్చుని, మత్తులో శ్వాస చూసుకుంటే చాలు, నాడి అక్కర్లేదన్నాయి. అది తప్పని తర్వాత తేలింది. గుండెని చూడకుండా మత్తివ్వడం ఎంత ప్రమాదమో ఈ ఊరికి అంతకాలం కిందటే తెలియాల్సింది.

ఇక ఇంట్లో జరిగే పొరపాట్లు. పరగడుపున రమ్మన్నారు కదా అని బీపీ మాత్రలన్నీ మానేసి వస్తారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర హఠాత్తుగా ఆపకూడదు, గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి. టెల్మిసార్టాన్ లాంటివి మాత్రం ముందురోజే ఆపమనడం మామూలే. ఏది ఆపాలో ఏది వేసుకోవాలో పీఏసీలో, అంటే మత్తుకి ముందు చేసే పరీక్షలో, అనస్థీషియా డాక్టరే చెప్పాలి. స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, "తెల్ల మాత్ర, పసుపు మాత్ర" అంటే ఎవరికీ అర్థం కాదు.

నొప్పికి వేసే కార్బమజెపిన్ సంగతి కూడా చెప్పండి. దానివల్ల ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర పనితనం తగ్గుతుంది, మాత్ర వేసుకుంటున్నా బీపీ ఎక్కువే ఉంటుంది. టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపిన మాత్రయితే, ఆ హైడ్రోక్లోరోథయాజైడ్, కార్బమజెపిన్ రెండూ కలిసి రక్తంలో సోడియం దించేస్తాయి. ఆపరేషన్ ముందు సోడియం పరీక్ష తప్పనిసరి. డిల్టియాజెమ్, వెరపామిల్ అనే బీపీ మందులు వాడుతుంటే కార్బమజెపిన్ ఒంట్లో పేరుకుని తూలుడు వస్తుంది.

ఇంకో బాధ. ఈ నొప్పికి ముందు పళ్లు పీకించుకుని, ఆ తర్వాత న్యూరో డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. చల్లగాలి తగిలినా, ముఖం కడుక్కున్నా సెకన్లపాటు మెరుపులా కొట్టి పోయే నొప్పి పంటిది కాకపోవచ్చు. పీకించేముందు ఒకసారి న్యూరాలజిస్ట్‌కి చూపించండి.

ఆపరేషన్ రోజు రాత్రి కూడా గంటగంటకీ బీపీ చూడమనండి. తీవ్రమైన తలనొప్పి, వాంతి, మగత కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే సిస్టర్‌ని పిలిచి స్కాన్ అడగండి.